చెట్టుకు అంటించిన కాగితం

(వర్షాకాలానికి ముందు కామత్‌ఘర్‌లో జరిగిన తెలుగు నివాసుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



చెట్లు నాటమని చెప్పడానికి జూన్ నెలలో మన దగ్గరకు చాలామంది వస్తారు. నన్ను మాట్లాడమన్నది అందుకు కాదు. చెట్టును కొట్టవలసి వచ్చినప్పుడు ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, అడగకపోతే ఏమవుతుంది అన్న విషయం గురించి నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. మన గల్లీ చివరనున్న రావిచెట్టు బోదెకు అంటించిన కాగితాన్ని మీరందరూ చూసే ఉంటారు. అది మరాఠీలో ఉంది. కొందరు చదివారు, కొందరు పిల్లలచేత చదివించుకున్నారు, ఎక్కువమంది చదవకుండానే కోపం తెచ్చుకున్నారు. ‘దేవుని చెట్టును కొట్టేస్తున్నారట’ అని ఒక పక్షం, ‘గోడ కూలి ఎవరైనా చచ్చాక కొడతారా’ అని మరొక పక్షం. నిజానికి ఆ కాగితం కొడుతున్నామనీ చెప్పలేదు, కొట్టబోమనీ చెప్పలేదు. ఒకరు కొట్టడానికి అనుమతి కోరారు, మీకేమైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని అది మనల్ని అడుగుతున్నది. ఈ ఊళ్ళో మనల్ని అడిగి చేసే పనులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అందుచేత అడిగినప్పుడైనా సమాధానం చెప్పాలని నా కోరిక.

ఈ చట్టం గురించి మాట్లాడే అర్హత నాకు చదువు వల్ల రాలేదు, ఒక తప్పు వల్ల వచ్చింది. ఇరవై ఏళ్ళ కిందటి మాట. నేను అద్దెకు తీసుకున్న చిన్న కార్ఖానాలో పన్నెండు సాంచాలు నడిచేవి. వెనుకవైపు పెద్ద వేపచెట్టు. దాని ఆకు రేకుల కప్పు మీద రాలి, నీళ్ళు పోయే దారిని మూసేది. మొదటి వాన పడగానే నీరు లోపలికి కారి బీముల మీద పడేది. రెండేళ్ళు వరుసగా బట్ట మరకపడి వ్యాపారి వెనక్కి పంపాడు. యజమానిని అడిగితే ‘నీ ఇష్టం’ అన్నాడు. ఆ రెండు మాటలనే నేను అనుమతి అనుకున్నాను. కరెంటు సెలవు నాటి రాత్రి ఇద్దరు కూలీలను పిలిచి గొడ్డళ్ళు ఇచ్చాను. పగలు పిలవకుండా రాత్రి ఎందుకు పిలిచానని ఎవరైనా అడిగితే ఆనాడే నా దగ్గర సమాధానం లేదు. తప్పని లోలోపల తెలియకపోతే ఎవరూ చీకట్లో చెట్టెక్కించరు.

పెద్ద కొమ్మ తీగల మీద పడింది. గల్లీ అంతా చీకటి. పైన ఉన్న మనిషి అదిరిపడి పట్టు తప్పి కిందపడ్డాడు, కాలు విరిగింది. తెల్లవారేసరికి పంచనామా జరిగింది. యజమాని తనకేమీ తెలియదన్నాడు. కాగితం మీద ఏమీ లేదు కనుక అతని మాటే నిలిచింది. తరువాత చాలా కాలం వాయిదాలకు తిరిగాను. కట్టిన జరిమానా కన్న పోగొట్టుకున్న పనిదినాల ఖర్చే ఎక్కువ. ఆ మనిషి కాలు పూర్తిగా సరికాలేదు. అతనికి నేనిచ్చినది మందుల డబ్బు మాత్రమే, అతని పని తిరిగి ఇవ్వలేకపోయాను. ఇదంతా అయ్యాక చెట్ల విషయం తెలిసిన ఒక ఉద్యోగి నన్ను అడిగాడు: ‘మీకు అడ్డమైనది కప్పు మీదికి వచ్చిన రెండు కొమ్మలే కదా, ఛాటణీకి ఒక అర్జీ ఇచ్చి ఉంటే సరిపోయేది కదా?’ చెట్టు మొత్తం పోనవసరం లేదన్న ఆలోచన ఆ క్షణం దాకా నాకు రానేలేదు.

ఇక చట్టం సంగతి. మహారాష్ట్రలో పట్టణ ప్రాంతాల చెట్ల రక్షణకు 1975లో ఒక ప్రత్యేక చట్టం వచ్చింది. గ్రామ ప్రాంతాలకు అంతకు ముందే, 1964లో, వేరొక చట్టం ఉంది. కామత్‌ఘర్ మహానగరపాలిక పరిధిలోనిది కనుక మనకు వర్తించేది 1975 నాటిది. దాని ప్రకారం ప్రతి మహానగరపాలికకు ఒక వృక్ష ప్రాధికరణ్ ఉంటుంది, ఒక వృక్ష అధికారి ఉంటాడు. చెట్టు కొట్టదలచినవాడు ఎవరైనా సరే, ముందుగా వృక్ష అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. ‘ఎవరైనా’ అన్న మాటను చట్టం విడమరచి చెప్పింది. మహానగరపాలిక అధికారి అయినా, రాష్ట్ర ప్రభుత్వ, కేంద్ర ప్రభుత్వ అధికారి అయినా సరే దరఖాస్తు చేయవలసిందే. రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చిన గుత్తేదారును ‘మీ అనుమతి కాగితం ఏదీ?’ అని అడిగే హక్కు మనకు దాని వల్లనే వచ్చింది.

చట్టంలో మరొక మాట ముఖ్యం. చెట్టును ‘కొట్టడం’ అంటే గొడ్డలితో నరకడం ఒక్కటే కాదు. కాల్చడం, ఏ విధంగానైనా దెబ్బతీయడం కూడా అందులోకే వస్తుంది. ఈ మాట వినగానే ఇక్కడ కొందరు తలదించుకుంటారని నాకు తెలుసు. మొదలు చుట్టూ బెరడు వలవడం, వేళ్ళలో ఆసిడ్ పోయడం, రంగుల కార్ఖానా నుండి వచ్చే వేడి నీళ్ళను రోజూ చెట్టు పాదులోకి మళ్ళించడం మనవాళ్ళకు తెలియని విద్యలేమీ కావు. చెట్టు ‘దానంతట అదే’ ఎండిపోయింది అంటారు. దానంతట అది ఎండలేదు. మొదటి బజారు నుండి చివరి బజారు దాకా అందరికీ తెలుసు ఎవరు ఎండబెట్టారో.

దరఖాస్తు అందాక వృక్ష అధికారి స్వయంగా వచ్చి చెట్టును చూడాలి. స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. చెట్టు మీద అందరికీ కనబడే చోట నోటీసు అంటించాలి. మన రావిచెట్టుకు ఉన్నది ఆ నోటీసే. దాన్ని చింపడం వల్ల చెట్టు బతకదు, చింపినవాడి అభ్యంతరం మాత్రం దాఖలు కాకుండా పోతుంది. దరఖాస్తు అందిన నాటి నుండి 60 రోజుల్లో నిర్ణయం జరగాలని చట్టం గడువు పెట్టింది. అనుమతి వచ్చాక కూడా వెంటనే కొట్టరాదు, 15 రోజులు ఆగాలి. ఆ వ్యవధి అభ్యంతరం ఉన్నవారు పై అధికారులకు మొర పెట్టుకోవడానికి. ‘60 రోజులు దాటితే జవాబు రాకపోవడమే అనుమతి’ అని బజారులో ఒక మాట ఉంది. చట్టం తరువాత చాలాసార్లు మారింది. ఆ మాట నమ్మి గొడ్డలి పట్టేముందు కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి.

అనుమతి అడగడమంటే కాదనిపించుకోవడమే అని మనవాళ్ళకు ఒక భయం. అది నిజం కాదు. చచ్చిన చెట్టు, తెగులు పట్టిన చెట్టు, గాలికి ఒరిగిన చెట్టు, ప్రాణానికో ఆస్తికో ముప్పు తెచ్చేది, రాకపోకలకు అడ్డమైనది, ఇలాంటివాటికి అనుమతి ఇవ్వాలనే చట్టం చెబుతున్నది. అడ్డు చెప్పేది సైన్‌బోర్డు కనబడటం లేదనో, ఆకు రాలుతోందనో, కారు నిలపడానికి చోటు లేదనో అడిగేవారికి. నా వేపచెట్టు సంగతి ఈ రెండింటికీ నడుమది. అటువంటి చోటనే చూసి చెప్పే మూడో మనిషి అవసరం.

‘మన ఊర్ల ఎవన్ని అడిగి కొట్టినం?’ అని నిన్న ఒక పెద్దాయన నాతో అన్నాడు. మనలో చాలామంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చినవాళ్ళం, లేదా వచ్చినవారి బిడ్డలం. కాస్త గుర్తు చేసుకుంటే అక్కడా అడగవలసే ఉండేది. జంగ్లాతు వాళ్ళ పేరు వింటే కట్టెల మోపు దాచుకున్న కథలు ప్రతి ఇంటిలోనూ ఉన్నాయి. తాటిచెట్టు, ఈతచెట్టు సొంత పొలం గట్టు మీద ఉన్నా ఆబ్కారీ వారిని అడగకుండా కొట్టరాదని గీత వృత్తి తెలిసిన ఊళ్ళలో పిల్లవాడికి కూడా తెలుసు. 2002లో వచ్చిన వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమితో పాటు చెట్టు ఉంది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదు పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల విషయం సుప్రీంకోర్టు దాకా పోయినప్పుడు, కోర్టు ఆ ప్రభుత్వాన్ని అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇదే: చెట్లు కొట్టడానికి ముందు అనుమతి తీసుకున్నారా? ఆ ప్రశ్న ప్రభుత్వానికి తప్పలేదు. పన్నెండు సాంచాలవాడికి తప్పుతుందా?

మనకు దగ్గరలోనే జరిగిన మరొక సంగతి చెబుతాను. ముంబయిలో ఆరే ప్రాంతంలో మెట్రో కార్ల షెడ్డు కోసం చెట్లు తీయడానికి వృక్ష ప్రాధికరణ్ అనుమతి ఇచ్చింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్లను 2019 అక్టోబరు 4న హైకోర్టు కొట్టివేసింది. ఆ రాత్రే రంపాలు మొదలయ్యాయి. 7వ తేదీన సుప్రీంకోర్టు ఆపమనేసరికి 2,141 చెట్లు నేలకూలి ఉన్నాయి. షెడ్డు కావాలా వద్దా అన్నదానిపై ఎవరి అభిప్రాయం వారిది, మెట్రో ఎక్కేవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. కానీ చీకట్లో కొట్టడం నాకు నా వేపచెట్టును గుర్తుచేసింది. కథ అక్కడితో ముగియలేదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు మరో 84 చెట్లకు సంబంధించి దరఖాస్తు పెట్టుకోనిచ్చింది. మెట్రో సంస్థ అంతకు మించి 177 చెట్లకు ప్రయత్నించింది. దానికి 2023 ఏప్రిల్‌లో కోర్టు 10 లక్షల రూపాయలు కట్టమన్నది. చేతిలోని కాగితంలో ఎన్ని చెట్లు రాసి ఉన్నాయో అన్నింటికే ఆ కాగితం పనిచేస్తుంది. ఒక చెట్టుకు అనుమతి తెచ్చి పక్కనున్న రెండింటిని ‘ఎలాగూ మనుషులు వచ్చారు కదా’ అని కొట్టించడం మన దగ్గర మామూలైపోయింది. చట్టంలో ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క నేరం. జరిమానాతో పాటు జైలు కూడా రాసిపెట్టారు. తాజ్‌మహల్ చుట్టుపక్కల రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టిన ఒక వ్యక్తికి 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున లెక్క కట్టింది. అవి ప్రైవేటు భూమిలోని చెట్లే. ‘నా జాగాలోని చెట్టు నా ఇష్టం’ అనేవారు ఆ లెక్కను ఒకసారి వేసుకోవాలి.

ఇప్పుడు దరఖాస్తు ఎలా రాయాలో చెబుతాను. మరాఠీ రాదని వెనుకాడవద్దు, మన చాళ్ళలో పదో తరగతి చదివే ఏ అమ్మాయి అయినా రాసిపెట్టగలదు. చెట్టు పేరు, అది ఉన్న చోటు, ఆ చోటి చిన్న నకాశా, చెట్టు చుట్టుకొలత, ఎందుకు కొట్టాలో కారణం రాయాలి. కారణం దగ్గర ‘ఇబ్బందిగా ఉంది’ అని రాస్తే చాలదు. బోదెలో ఎక్కడ తొర్ర పడింది, గోడలో పగులు ఎంత వెడల్పు, చెట్టు ఏ వైపు ఒరిగింది, ఎప్పటి నుండి, ఇవన్నీ రాసి పగటి వెలుతురులో తీసిన ఫోటోలు పెట్టాలి. పక్కన మనిషిని నిలబెట్టి తీస్తే పరిమాణం తెలుస్తుంది. మనలో ఎక్కువమంది అద్దెదారులం కనుక జాగా యజమాని సమ్మతి పత్రం జతచేయండి. నోటి మాట నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో చెప్పాను కదా. చెట్టు రోడ్డు మీద ఉంటే యజమాని మహానగరపాలికే. అప్పుడు మనది ఫిర్యాదు అవుతుంది, కొట్టే పని వారిది. ఏ కాగితమిచ్చినా రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మరువకండి. ముద్ర లేని కాగితం ఇవ్వని కాగితంతో సమానం.

వానలో చెట్టు ఒరగడం మొదలైతే దరఖాస్తు రాస్తూ కూర్చోమని నేననను. ముందుగా మనుషులను బయటికి తేవాలి. 101కి ఫోను చేసి అగ్నిమాపక దళాన్ని పిలవాలి. తీగలు దగ్గరగా ఉంటే కరెంటు వారికి చెప్పి సరఫరా ఆపించకుండా ఎవరినీ చెట్టెక్కనివ్వకూడదు. రోజుకూలీకి వచ్చినవాడు కాదనలేక ఎక్కుతాడు. ఎక్కవద్దని చెప్పవలసినవాళ్ళం మనమే.

ఛాటణీ విషయంలో కూడా కొంత తెలివి కావాలి. మే నెలలో కప్పు వైపు కొమ్మలన్నీ నరికి, రోడ్డు వైపువి వదిలేస్తారు. జూలై గాలికి ఆ చెట్టు రోడ్డు మీదికే పడుతుంది, బరువంతా అటే ఉంచింది మనమే కనుక. గుల్‌మొహర్ వంటి చెట్ల కొమ్మలు పెళుసు. రావి, మర్రి వేళ్ళు గట్టివే, కానీ చుట్టూ బోదె అంటేలా సిమెంటు పోస్తే ఏ వేరుకైనా ఊపిరి ఆడదు. ఢిల్లీలో చెట్టు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసివేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. మన రావిచెట్టు చుట్టూ సిమెంటు గద్దె కట్టించినది భక్తులే. ఇప్పుడు అది పచ్చదనం తగ్గి పసుపుబారుతోందని బాధపడుతున్నదీ వారే.

పండుగల మాట కూడా చెప్పకుండా ఉండలేను. మనం దసరాకు జమ్మి ఆకు పంచుకుంటాం, మన మరాఠీ పొరుగువారు ఆప్టా ఆకు పంచుకుంటారు, ఇద్దరికీ అది బంగారమే. వటపూర్ణిమకు మర్రికి దారం చుడతారు. ఆకు కోయడానికి, దారం చుట్టడానికి ఎవరూ అడ్డు చెప్పరు. అమ్ముకోవడానికి కొమ్మలకు కొమ్మలు విరిచి మోపులు కట్టడం వేరు. దేవుని పేరు మీద విరిచినా కొమ్మ విరిగిందే.

ఇంతకీ మన రావిచెట్టు. నా అభిప్రాయం దాచుకోను. కార్ఖానా గోడ పగిలిన మాట నిజం, నేను చూశాను, పగులులో నా వేళ్ళు పట్టాయి. ఆ గోడ పక్కన రెండు పాళీల మనుషులు పనిచేస్తారు. దరఖాస్తు పెట్టినాయన శత్రువు కాడు. నేను ఇరవై ఏళ్ళ కిందట చేయని పనిని ఆయన సరిగా చేశాడు. అయినా చెట్టంతా పోవాలని నాకు అనిపించడం లేదు. గోడ వైపు కొమ్మలు తగ్గించి, గద్దె పగలగొట్టి, గోడను ఇటుకతో మరోసారి కడితే చాలునని నా ఆలోచన. నేను ఇంజనీరును కాను, నా మాట తప్పు కావచ్చు. చూసి చెప్పవలసినవారు వస్తారు. వారి ముందు మనం ఏం పెడతామన్నదే ఇప్పటి పని.

వారి ముందు పెట్టవలసిన మొదటి విషయం చెట్టు వయసు. 2021లో చట్టాన్ని సవరించి, 50 ఏళ్ళు లేదా అంతకు పైబడిన చెట్టును వారసత్వ వృక్షంగా గుర్తించారు. కొట్టిన చెట్టుకు బదులు నాటవలసిన మొక్కలకు కూడా వయసే లెక్క: నలభై ఏళ్ళ చెట్టుకు నలభై మొక్కలు. 1975లో వచ్చిన చట్టానికే ఇప్పుడు యాభై ఏళ్ళు నిండాయి. కనుక ఆ చట్టం వచ్చేనాటికి మన రావి ఇక్కడ ఉంటే, దాని లెక్క వేరు.  దరఖాస్తులో ముప్పై అయిదేళ్ళని రాశారు. అది అబద్ధమని నేననడం లేదు. రాసినాయన ఇక్కడికి వచ్చి అన్ని ఏళ్ళే అయింది.

ఈ సభలో నాకన్న ముందు వచ్చినవారు ఉన్నారు. 1982 జనవరిలో ముంబయి మిల్లుల సమ్మె మొదలైనప్పుడు ఇక్కడికి వచ్చినవారు, అంతకు చాలా ముందే వచ్చి ఈ గల్లీలో మొదటి సాంచాలు బిగించినవారు ఉన్నారు. ఆ చెట్టు కింద బీములు దించారా? దాని నీడన అన్నం మూట విప్పారా? అప్పటికి అది ఎంత ఎత్తు? పెళ్ళి ఫోటోలో, కార్ఖానా పూజ ఫోటోలో వెనుక అది కనబడుతుందేమో ట్రంకు పెట్టెలు తీసి చూడండి. తేదీ ఉన్న ఒక్క ఫోటో ఉంటే చాలా ఉపయోగపడుతుంది.

నా దగ్గర రెండు రకాల కాగితాలు మరాఠీలో రాసి ఉన్నాయి. చెట్టు తీయాలనేవారికి ఒకటి, వద్దనేవారికి ఒకటి. రెండింటిలోనూ పేరు, చిరునామా, కారణం రాసే చోటు ఖాళీగా ఉంచాను. ఏది తీసుకున్నా నేనేమీ అనుకోను. నోటీసులో ఇచ్చిన గడువు ఇంకా కొద్ది రోజులే ఉంది. సభ ముగిశాక ఈ బల్ల దగ్గరే కూర్చుంటాను. వయసు గుర్తున్న పెద్దలు ముందుగా రండి, కుర్చీలు వేయిస్తాను.